జీపార్టెడ్ లైవ్ రివ్యూ: సీ డ్రైవ్ పక్కన అడ్డంగా ఉన్న రికవరీ పార్టిషన్లని జరపడానికి నేను వాడిన టూల్

ల్యాపీలో కొత్త 1 టీబీ ఎస్ఎస్‌డీ వేశా, పాత 256 జీబీ దాంట్లో ఉన్నదంతా క్లోన్ చేశా, బూట్ కూడా మొదటిసారే అయిపోయింది, హమ్మయ్య అనుకుని చూస్తే సీ డ్రైవ్ మాత్రం అదే 222 జీబీ, ఒక్క జీబీ కూడా పెరగలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్, అంటే డిస్క్‌లోని పార్టిషన్లని, విడివిడి భాగాలని, చూపించే విండోస్ టూల్, తెరిస్తే విషయం అర్థమైంది. ఎడమ పక్క 260 ఎంబీల ఈఎఫ్ఐ పార్టిషన్, తర్వాత సీ డ్రైవ్, దాని పక్కనే 1 జీబీకి కాస్త తక్కువగా ఒక రికవరీ పార్టిషన్, దాని పక్కన ఇంకో రికవరీ పార్టిషన్ 14 జీబీ, ఆ తర్వాత నల్లటి గీతతో 693 జీబీల ఖాళీ. సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అనేది బూడిద రంగులో ఉంది, నొక్కడానికి లేదు. ఆ రికవరీ వాటి మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ అని ఒక్కటే వస్తుంది, డిలీట్ లేదు, మూవ్ లేదు, ఏమీ లేదు.

ఖాళీ అంత ఉండి కూడా ఎందుకు ఇవ్వట్లేదు అంటే, డిస్క్ మేనేజ్‌మెంట్ ఒక పార్టిషన్‌ని దాని కుడి పక్కన వెంటనే ఆనుకుని ఉన్న ఖాళీలోకి మాత్రమే పెంచగలదు, మధ్యలో 1 ఎంబీ పార్టిషన్ అడ్డం ఉన్నా కుదరదు. పార్టిషన్లని పక్కకి జరిపే పని దానికి అసలు రాదు. అంటే ఆ రెండు రికవరీ పార్టిషన్లనీ డిస్క్ చివరికి తోసేసి, ఖాళీని సీ పక్కకి తేవాలి. దానికి నేను వాడింది జీపార్టెడ్ లైవ్, ఈ రివ్యూ దాని గురించే. ముందే చెప్పేస్తా, టూల్ చాలా చాలా మంచిది, ఐదుకి నాలుగున్నర ఇస్తా, కానీ దానికి ఆ పార్టిషన్ల సైజు తెలుసు, చోటు తెలుసు, అవి దేనికి ఉన్నాయో మాత్రం తెలీదు. అది మనకి తెలిసుండాలి. అందుకే టూల్ గురించి ఎంత రాస్తానో ఆ పార్టిషన్ల గురించి కూడా అంత రాస్తా, అది వదిలేసి టూల్ ఒక్కటి పొగిడితే చదివి చేసేవాళ్ళకి నష్టం జరుగుతుంది.

అసలు ఆ దాక్కున్నవి ఏంటో చూద్దాం. ఈఎఫ్ఐ పార్టిషన్ అంటే బూట్ ఫైల్స్ ఉండేది, ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఫైల్స్ అమర్చే పద్ధతిలో, ఉంటుంది, మామూలుగా 100 నుంచి 260 ఎంబీ, దాన్ని చచ్చినా ముట్టుకోకూడదు, పోతే విండోస్ లేవదు. ఇంకోటి 16 ఎంబీ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ అని, అది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనపడను కూడా కనపడదు, దాన్నీ వదిలెయ్యండి. తర్వాత వచ్చేది విండోస్ ఆర్ఈ, అంటే రికవరీ ఎన్విరాన్‌మెంట్. 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉంటుంది, దాని లోపల రికవరీ అనే ఫోల్డర్, అందులో విండోస్ఆర్ఈ అనే ఇంకో ఫోల్డర్, అందులో విన్ఆర్ఈ డాట్ విమ్ అని ఒకే ఒక్క పెద్ద ఫైల్. విండోస్ రెండు మూడుసార్లు బూట్ అవ్వక ఆగిపోతే నీలం స్క్రీన్ మీద ట్రబుల్‌షూట్, స్టార్టప్ రిపేర్, కమాండ్ ప్రాంప్ట్ అని వస్తాయి చూశారా, అవన్నీ ఆ ఒక్క ఫైల్ నుంచే వస్తాయి.

ఇక నాలుగోది, అందరినీ కన్ఫ్యూజ్ చేసేది, ల్యాపీ తయారుచేసిన కంపెనీ పెట్టే ఫ్యాక్టరీ రికవరీ. ఇది 10 నుంచి 20 జీబీ దాకా ఉంటుంది, అందులో ఆ కంపెనీ వాళ్ళ డ్రైవర్లు, వాళ్ళ సాఫ్ట్‌వేర్లతో కలిపి మొత్తం విండోస్ ఇమేజ్, అంటే దాని పూర్తి కాపీ, ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఒక కీ నొక్కితే మొదలవుతుంది, హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ ప్లస్ ఎఫ్10, ఏసూస్‌లో ఎఫ్9, లెనోవోలో చాలా మోడల్స్‌కి నోవో బటన్ అని పక్కన చిన్న బొక్కలో ఉంటుంది. ఈ రెండూ, అంటే విండోస్ ఆర్ఈ, ఫ్యాక్టరీ రికవరీ, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాదాపు ఒకేలా కనపడతాయి, అందుకే జనం ఒకటి అనుకుని ఇంకోటి లేపేస్తారు. సైజు చూసి గుర్తుపట్టడమే తేలిక, 1 జీబీ లోపు ఉంటే ఆర్ఈ, పదికి పైన ఉంటే ఫ్యాక్టరీది.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే చాలా ఏళ్ళ కింద మా అక్క ల్యాపీలో నేనే ఈ తప్పు చేశా. విండోస్ 7 రోజులు. డిస్క్‌లో ప్లేస్ లేదు, ఫొటోలు పట్టట్లేదు అంది అక్క, చూస్తే 12 జీబీల రికవరీ పార్టిషన్ ఒకటి ఉంది, ఇదేదో పనికిరాని సామాను అనుకుని లేపేసి సీలో కలిపేశా. అక్క సంతోషపడింది కూడా. ఏడాది తిరక్కుండానే విండోస్ పాడైంది, కీ నొక్కితే ఏమీ రాలేదు, నల్ల స్క్రీన్ మీద తెల్ల గీత ఒకటి మెరుస్తూ కూర్చుంది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే రికవరీ డిస్క్‌లు విడిగా కొనుక్కోవాలి అన్నారు, ఆ మోడల్‌కి స్టాక్ ఉందో లేదో కూడా చెప్పలేకపోయారు. "ఒరేయ్, అది తీసేసేటప్పుడు ఒక్క మాట అడగొచ్చు కదరా" అంది అక్క. నిజంగానే అడగాల్సింది, ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈసారి నా ల్యాపీ అయినా సరే, ఏది ఏంటో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టా.

మరి ఇప్పటి కంప్యూటర్లలో ఫ్యాక్టరీ రికవరీ ఉంచుకోవాలా? విండోస్ 7 రోజులంత అవసరం ఇప్పుడు లేదు అనేది నా అభిప్రాయం. విండోస్ 10 నుంచి రీసెట్ దిస్ పీసీ అనేది ఫ్యాక్టరీ ఇమేజ్‌తో సంబంధం లేకుండా సిస్టమ్‌లో ఉన్న ఫైల్స్‌తోనే విండోస్‌ని మళ్ళీ కట్టుకుంటుంది, 2020లో వచ్చిన 2004 వెర్షన్ నుంచి అయితే క్లౌడ్ డౌన్‌లోడ్ అని నెట్ నుంచే దింపుకునే ఆప్షన్ కూడా ఉంది. ఇంకోటి, విండోస్‌తో పాటు అమ్మిన ల్యాపీల్లో విండోస్ 8 కాలం నుంచి ప్రొడక్ట్ కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, డిస్క్ మొత్తం తుడిచేసి అదే ఎడిషన్ వేస్తే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. కాబట్టి ఫ్యాక్టరీది పోతే పోయేది ఆ కంపెనీ డ్రైవర్ల సెట్టు, ఆ కీ నొక్కితే వచ్చే సుఖం, అంతే. కానీ విండోస్ ఆర్ఈ మాత్రం ఉండి తీరాల్సిందే, 1 జీబీ కోసం దాన్ని లేపేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది కావాల్సొచ్చే రోజు వేరే దారి ఉండని రోజు. నేనైతే రెండూ ఉంచుకుందాం, చివరికి జరుపుదాం అనుకున్నా.

జీపార్టెడ్‌కి ముందు ఇంకో పార్టిషన్ సాఫ్ట్‌వేర్ ట్రై చేశా, పేరు చెప్పను. ఫ్రీ అని రాసుంది, ఇన్‌స్టాల్ చేశా, పార్టిషన్లన్నీ రంగురంగుల్లో చక్కగా లాగనిచ్చింది, అరగంట కూర్చుని అంతా సెట్ చేసి అప్లై నొక్కితే అప్పుడు చెప్పింది ఈ పనికి పెయిడ్ వెర్షన్ కావాలి అని. ఆ మాట మొదట్లోనే చెప్తే నా అరగంట మిగిలేది. జీపార్టెడ్‌లో అలాంటి తలనొప్పి ఏదీ లేదు, 2004 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, పూర్తిగా ఫ్రీ, యాడ్ లేదు, అకౌంట్ లేదు, ఏ బటన్ వెనకా తాళం లేదు.

ఇది విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేది కాదు. ఐఎస్ఓ ఫైల్ దింపుకుని, చిన్న పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే చిన్న టూల్‌తో రాసి, దాని నుంచి బూట్ అవ్వాలి. లోపల డెబియన్ లినక్స్ ఉంటుంది కానీ మీకు లినక్స్ రావాల్సిన పని లేదు. మొదట కీమ్యాప్ అడుగుతుంది, అలాగే ఎంటర్ కొట్టండి, భాష అడుగుతుంది, ఎంటర్, ఏ మోడ్ అంటుంది, మళ్ళీ ఎంటర్, అంతే, డెస్క్‌టాప్ వచ్చి జీపార్టెడ్ తనే ఓపెన్ అవుతుంది. ఆ మూడు ప్రశ్నలూ నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల్లో వస్తాయి కాబట్టి మొదటిసారి చూసేవాళ్ళు కంగారుపడతారు, పడకండి. విండోస్ ఆగిపోయి ఉండగా పని చెయ్యడమే దీని బలం అన్నమాట, ఏ ఫైలూ వాడకంలో ఉండదు, సీ డ్రైవ్ కూడా వేరే వాళ్ళ డ్రైవ్‌లాగా ప్రశాంతంగా ఉంటుంది.

ఓపెన్ అవగానే కుడి పక్క పైన ఏ డిస్క్ అని ఉంటుంది, అక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. పెన్‌డ్రైవ్ కూడా ఆ లిస్ట్‌లో ఉంటుంది, కొన్నిసార్లు అదే ముందు కనపడుతుంది. పేర్లు లినక్స్ పద్ధతిలో ఉంటాయి, ఎన్‌వీఎంఈ, అంటే కొత్త రకం వేగమైన ఎస్ఎస్‌డీ అయితే ఎన్‌వీఎంఈ0ఎన్1 అని, సాటా, అంటే పాత రకం డిస్క్, పెన్‌డ్రైవ్ అయితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని. పేరు చూసి కాదు, సైజు చూసి గుర్తుపట్టండి. నాది 931 జీబీ అని చూపించింది, 1 టీబీ అంటే అంతే వస్తుంది, ఏదో తగ్గింది అనుకోవద్దు. క్లోన్ చేసిన డిస్క్ అయితే కొంతమందికి ఇక్కడ ఒక మెసేజ్ వస్తుంది, డిస్క్‌లో ఉన్న మొత్తం చోటు వాడట్లేదు, పార్టిషన్ టేబుల్ సరిచెయ్యమంటావా అని. పార్టిషన్ల లిస్ట్ ఉండే ఆ జీపీటీ టేబుల్‌కి ఒక కాపీ డిస్క్ చివర ఉండాలి, చిన్న డిస్క్ నుంచి పెద్ద డిస్క్‌కి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఆ చివరి కాపీ మధ్యలో ఉండిపోతుంది, అందుకే అడుగుతుంది. ఫిక్స్ నొక్కండి, మంచిదే.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఫ్లాగ్స్, అంటే ఏ పార్టిషన్ ఏ రకమో చెప్పే గుర్తులు, ఉండే కాలమ్. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అన్నీ రికవరీ, రికవరీ అని ఒకే పేరుతో ఉన్నవి ఇక్కడ విడివిడిగా తెలుస్తాయి. ఈఎఫ్ఐకి బూట్, ఈఎస్‌పీ అని ఉంటుంది, సీకి ఎమ్ఎస్ఎఫ్‌టీడేటా, 16 ఎంబీ దానికి ఎమ్ఎస్ఎఫ్‌టీరెస్, రికవరీ వాటికి హిడెన్, డయాగ్. ప్రతిదాంట్లో ఎంత వాడారు, ఎంత ఖాళీ కూడా పక్కనే ఉంటుంది. నా 14 జీబీ దాంట్లో 12కి పైన నిండి ఉంది, అంటే ఇమేజ్ లోపలే ఉందని అర్థం, కొన్ని ల్యాపీల్లో ఇది ఖాళీ డబ్బాగా మిగిలి ఉంటుంది, అలాంటిదైతే ఉంచుకుని ఉపయోగం లేదు. 16 ఎంబీ దాని ఫైల్ సిస్టమ్ దగ్గర అన్‌నోన్ అని, పక్కన హెచ్చరిక గుర్తు వస్తుంది, అది తప్పు కాదు, అందులో ఫైల్ సిస్టమ్ అసలు ఉండదు, వదిలెయ్యండి.

అయితే ఇవన్నీ చూసేముందు, విండోస్‌లో ఉండగానే చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, ఇది జీపార్టెడ్ మీకు ఎక్కడా చెప్పదు. విండోస్ తన రికవరీ ఎక్కడుందో ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది, రీఏజెంట్ డాట్ ఎక్స్ఎంఎల్ అని, అందులో ఏ డిస్క్, డిస్క్‌లో ఏ చోట మొదలవుతుంది అన్నీ ఉంటాయి. మీరు చెప్పా పెట్టకుండా పార్టిషన్‌ని 700 జీబీ అవతలికి జరిపేస్తే పాత అడ్రస్‌లో వెతుక్కుని లేదనుకుంటుంది. పార్టిషన్ భద్రంగానే ఉంటుంది, అవసరమైన రోజు మాత్రం రాదు. అందుకని కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో అని కొట్టండి, ఇంగ్లీష్ అక్షరాల్లో ఆర్ ఈ ఏ జీ ఈ ఎన్ టీ సీ, తర్వాత ఒక స్పేస్, స్లాష్, ఇన్ఫో. విండోస్ ఆర్ఈ స్టేటస్ ఎనేబుల్డ్ అని, కింద లొకేషన్ దగ్గర పొడుగాటి లైన్‌లో హార్డ్‌డిస్క్0, పార్టిషన్4 అని వస్తుంది. ఆ నంబర్ కాగితం మీద రాసుకోండి, ఏ పార్టిషన్ నిజంగా ఆర్ఈ అనేది తేల్చేది అదే, సైజు కంటే ఇది నమ్మకమైన గుర్తు.

తర్వాత రీఏజెంట్‌సీ స్లాష్ డిసేబుల్. డిసేబుల్ అనగానే భయపడొద్దు, దీంతో ఆ విమ్ ఫైల్ సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. నేను ఆ ఫోల్డర్‌కి వెళ్ళి ఫైల్ వచ్చిందో లేదో కళ్ళారా చూసుకున్నాకే ముందుకెళ్ళా, హిడెన్ ఫైల్స్, సిస్టమ్ ఫైల్స్ రెండూ చూపించమని పెడితేనే కనపడుతుంది. ఇంక ఫాస్ట్ స్టార్టప్ గోల ఒకటి, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, అలా ఉన్నప్పుడు జీపార్టెడ్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని, అంటే విండోస్ డ్రైవ్‌ల ఫైల్ సిస్టమ్‌ని, మార్చనివ్వదు, అలా ఆపడమే సరైన పని కూడా. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది. బ్యాకప్ సంగతి చెప్పక్కర్లేదు, నాకు పాత 256 జీబీ ఎస్ఎస్‌డీ పక్కనే ఉంది కాబట్టి అదే నా బ్యాకప్, మీకు అలాంటిది లేకపోతే ముఖ్యమైనవి బయటి డిస్క్ మీద పెట్టకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, దయచేసి.

జరిపే వరుస కూడా ముఖ్యమే. ముందు చివర్లో ఉన్న 14 జీబీ దాన్ని తీసుకున్నా, రైట్ క్లిక్, రిసైజ్ స్లాష్ మూవ్. ఒక చిన్న విండో వస్తుంది, పైన పార్టిషన్ బొమ్మ, కింద మూడు బాక్సులు, ముందున్న ఖాళీ, సైజు, వెనకున్న ఖాళీ. బొమ్మని మౌస్‌తో లాగొచ్చు కానీ అంచు పట్టుకుంటే సైజు మారిపోతుంది, మధ్యలో పట్టుకుంటేనే జరుగుతుంది, ఆ తేడా ఒక్క పిక్సెల్‌లో ఉంటుంది, అందుకే నేను మౌస్ వదిలేసి వెనకున్న ఖాళీ దగ్గర 0 అని టైప్ చేసి ట్యాబ్ కొట్టా, సైజు బాక్స్‌లో అంకె మారలేదు, ముందున్న ఖాళీ దగ్గర 700 వేల పైచిలుకు ఎంబీ వచ్చింది, అంటే సరిగ్గా చివరికి వెళ్ళింది. మూవ్ నొక్కగానే ఒక హెచ్చరిక వస్తుంది, పార్టిషన్ జరిపితే ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అవ్వకపోవచ్చు అని. మొదటిసారి గుండె ఝల్లుమంటుంది, కానీ ఇది ఏ పార్టిషన్ మొదలు కదిపినా వచ్చే మాటే. విండోస్ బూట్ అయ్యేది ఈఎఫ్ఐ నుంచి, సీ నుంచి, ఆ రెండిటి మొదళ్ళూ మనం కదపట్లేదు కాబట్టి కొనసాగొచ్చు. తర్వాత 1 జీబీ దాన్ని కూడా అలాగే, వెనకున్న ఖాళీ 0. చివరికి సీ డ్రైవ్‌కి మళ్ళీ వెనకున్న ఖాళీ 0, ఈసారి సైజు పెరుగుతుంది.

ఇంతవరకు డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారలేదు, ఇది నాకు ఈ టూల్‌లో అన్నిటికంటే ఇష్టమైన విషయం. మీరు చేసినవన్నీ కింద ఒక లిస్ట్‌లో వరసగా నిలబడి ఉంటాయి, తప్పనిపిస్తే అన్‌డూ, మొత్తం వద్దనుకుంటే క్లియర్. నేను ఆ మూడు లైన్లూ రెండుసార్లు చదువుకుని, ఛార్జర్ ఊడకుండా ఉందా చూసుకుని, అప్పుడు పచ్చ టిక్ మార్క్ నొక్కా. ప్రతి పని ఏం చేస్తుందో డీటెయిల్స్‌లో లైన్ లైన్‌గా చూపిస్తుంది. 14 జీబీ జరగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, ఎన్‌వీఎంఈ కాబట్టి, పాత హార్డ్‌డిస్క్ అయితే ఇంకా చాలాసేపు కూర్చోవాలి. సీ పెరగడం మాత్రం కొన్ని సెకన్లే. ఎందుకంటే పార్టిషన్ చివర పెంచితే లోపలి డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది, మొదలు కదిపితేనే లోపలున్నదంతా మోయాల్సొస్తుంది, 200 జీబీలు నిండిన సీ డ్రైవ్ మొదలు కదిపితే గంటలు, మధ్యలో కరెంట్ పోతే ఆ పార్టిషన్ మీద ఆశ వదులుకోవాలి. అందుకే సీ మొదలు ఎప్పుడూ కదపొద్దు, కుడి పక్కవే జరపండి.

రీబూట్ అయ్యాక విండోస్ ముందు డిస్క్ చెక్ చేస్తుంది, కావాలనే చేస్తుంది, జీపార్టెడ్ సైజు మార్చాక చూసుకో అని గుర్తు పెట్టి వెళ్తుంది, స్కిప్ చెయ్యకండి. సీ డ్రైవ్ 915 జీబీకి పైన చూపించింది. వెంటనే రీఏజెంట్‌సీ స్లాష్ ఎనేబుల్, మళ్ళీ స్లాష్ ఇన్ఫో, ఎనేబుల్డ్ అని, మళ్ళీ పార్టిషన్4 అని వచ్చింది, చోటు మారినా నంబర్ మారలేదు.

ఇప్పుడు ఆ అర మార్కు ఎందుకు కోశానో చెప్తా. జీపార్టెడ్ రికవరీ పార్టిషన్‌ని కూడా మామూలు ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టెలాగా చూస్తుంది, మీరు డిలీట్ అంటే లిస్ట్‌లో పెట్టేస్తుంది, ఇది రికవరీది, ఆలోచించు అని ఒక్క మాట అనదు. ఫ్లాగ్ కనపడుతోంది కాబట్టి ఆ మాట అనడం దానికి పెద్ద పని కాదు, అంటే ఎంతమందికి మేలు జరిగేదో. రెండోది, కొన్ని ల్యాపీల్లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ మోడ్‌లో, అంటే డిస్క్‌ని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే సెట్టింగ్‌లో, ఉంటే జీపార్టెడ్‌కి ఎన్‌వీఎంఈ డిస్క్ కనపడకపోవచ్చు. అప్పుడు కంగారులో బయోస్‌కి వెళ్ళి ఏహెచ్‌సీఐ అనే మామూలు సెట్టింగ్‌కి మార్చెయ్యకండి, ముందు విండోస్‌ని దానికి సిద్ధం చెయ్యకుండా మారిస్తే విండోస్ బూట్ అవ్వదు. మూడోది, ఫ్యాక్టరీ రికవరీని జరిపాక కొన్ని కంపెనీల కీ పనిచెయ్యకపోవచ్చు, వాళ్ళ ప్రోగ్రామ్‌లు పార్టిషన్లు ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉండాలనుకుంటాయి, ఇది జీపార్టెడ్ తప్పు కాదు కానీ జరిపేముందు తెలిసుండాలి.

నాలుగోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్, దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు వచ్చే విండోస్ 11 ల్యాపీల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ చాలావాటిలో తనే ఆన్ అయిపోతుంది, వాడేవాళ్ళకి తెలీను కూడా తెలీదు. మా తమ్ముడి ల్యాపీలో ఇదే అయింది, జీపార్టెడ్‌లో సీ డ్రైవ్ ఫైల్ సిస్టమ్ దగ్గర బిట్‌లాకర్ అని వచ్చింది, సైజు పెంచనివ్వలేదు. "అన్నా, ఇదంతా మళ్ళీ డీక్రిప్ట్ చెయ్యాలా, రేపటికి కూడా అవ్వదేమో" అన్నాడు. అక్కర్లేదురా అని వేరే దారిలో చేశాం. జీపార్టెడ్‌తో రికవరీ పార్టిషన్ ఒక్కదాన్నే చివరికి జరిపాం, అది ఎన్‌క్రిప్ట్ అయ్యి ఉండదు కాబట్టి హాయిగా జరిగింది, తర్వాత విండోస్‌లోకి వెళ్ళి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఎక్స్‌టెండ్ నొక్కాం. ఇప్పుడు ఖాళీ పక్కనే ఉంది కాబట్టి అది బూడిద రంగులో లేదు, బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్‌ని విండోస్ తనే పెంచుకోగలదు. అయితే మొదలుపెట్టేముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో చూసుకుని, వేరే చోట రాసి పెట్టుకున్నాం. ఆ కీ లేకుండా మాత్రం పార్టిషన్ల జోలికి పోవద్దు, అడిగినప్పుడు ఇవ్వలేకపోతే డేటా మొత్తం పోయినట్టే.

జరపడం కాకుండా, ఆర్ఈ పార్టిషన్ చిన్నదైపోయి పెంచాల్సిన వాళ్ళూ ఉంటారు. 2024 జనవరిలో విండోస్ 10కి కేబీ5034441 అనే అప్‌డేట్ వచ్చింది, బిట్‌లాకర్‌ని దాటుకుని వెళ్ళే లోపం ఒకటి ఆర్ఈలో ఉంటే సరిచెయ్యడానికి, దానికి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి, చాలా కంప్యూటర్లలో ఆ పార్టిషన్ మొత్తమే 500 ఎంబీ, అంత ఖాళీ లేదు, దాంతో 0ఎక్స్80070643 అనే ఎర్రర్‌తో ఆగిపోయింది. ఎర్రర్ చూస్తే పార్టిషన్ గురించి ఒక్క ముక్క ఉండదు, పాపం ఎంతమంది విండోస్ మొత్తం మళ్ళీ వేసుకున్నారో. ఈ పనికి నేనైతే జీపార్టెడ్ కంటే విండోస్‌లోనే ఉన్న డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్ బెటర్ అంటా. డిసేబుల్ చేసి విమ్ ఫైల్ సీలోకి వచ్చిందని చూసుకోవడం, సీని కుడివైపు 250 ఎంబీ ష్రింక్ చెయ్యడం, పాత ఆర్ఈని డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ అని తీసెయ్యడం, ఆ మొత్తం చోటులో కొత్తది చేసి డీఈ94బీబీఏ4తో మొదలయ్యే రికవరీ టైప్ కోడ్ ఇవ్వడం, దాచి ఉంచే అట్రిబ్యూట్ పెట్టడం, ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్, మళ్ళీ ఎనేబుల్. ఆ కోడ్, అట్రిబ్యూట్ పూర్తిగా మైక్రోసాఫ్ట్ వాళ్ళ పేజీ నుంచే కాపీ చేసుకోండి, చేత్తో టైప్ చెయ్యొద్దు. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ అంతా రెండుసార్లు చూసుకోండి, అక్కడ అన్‌డూ లేదు, అప్లై లేదు, ఎంటర్ కొడితే అయిపోయినట్టే, క్లీన్ అనే మాట అసలు కొట్టొద్దు, అది ఒక పార్టిషన్‌ని కాదు, డిస్క్ మొత్తం పార్టిషన్ టేబుల్‌ని తుడిచేస్తుంది.

కొంతమందికి ఆర్ఈ పార్టిషన్లు రెండు మూడు కనపడతాయి, అది కూడా మామూలే. పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్ అప్పుడు పాతదాంట్లో చోటు చాలకపోతే విండోస్ సీ చివర కొంచెం కోసుకుని కొత్తది చేసుకుంటుంది, పాతది అనాథలా అక్కడే ఉండిపోతుంది. రీఏజెంట్‌సీ ఇన్ఫో చూపించే నంబర్‌ది వాడకంలో ఉన్నది, మిగతా పాత ఆర్ఈ పార్టిషన్లు తీసేసినా నష్టం లేదు. అలాగే ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత రికవరీకి హఠాత్తుగా ఒక డ్రైవ్ లెటర్ వచ్చేసి, డిస్క్ నిండిపోయింది అని పదేపదే నోటిఫికేషన్ వస్తే, 2018లో 1803 వెర్షన్ తర్వాత చాలామందికి ఇలాగే అయింది, అందులో ఫైల్స్ డిలీట్ చేసి ఖాళీ చెయ్యకండి, ఆ లెటర్ ఒక్కటి తీసెయ్యండి, మౌంట్‌వాల్ కమాండ్‌లో లెటర్ ఇచ్చి స్లాష్ డీ కొడితే పోతుంది.

ఇదంతా చేశాక నేను ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసి రికవరీ డ్రైవ్ కూడా చేసి పెట్టుకున్నా, స్టార్ట్‌లో రికవరీ డ్రైవ్ అని వెతికితే వస్తుంది, సిస్టమ్ ఫైల్స్ బ్యాకప్ అనే టిక్ ఉంచాలి, 16 జీబీ ఉన్నా సరిపోవచ్చు, కానీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. డిస్క్ మొత్తం చచ్చిపోతే డిస్క్ లోపల దాచుకున్న రికవరీ కూడా దాంతోనే పోతుంది కదా, అందుకని.

చివరగా, పని అయిపోయింది అనుకునేముందు ఒక్కసారి నిజంగా ట్రై చెయ్యండి, ఎనేబుల్డ్ అనే మాట చూసి ఆగిపోవద్దు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టా, నీలం స్క్రీన్ వచ్చింది, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, కమాండ్ ప్రాంప్ట్ దాకా వెళ్ళి చూసి కంటిన్యూ నొక్కి వెనక్కి వచ్చా. ఫ్యాక్టరీ రికవరీ కీ కూడా నొక్కి చూశా, మొదటి మెనూ వచ్చింది, అక్కడి నుంచి క్యాన్సిల్ చేశా. తర్వాత పాత 256 జీబీ ఎస్ఎస్‌డీని ఇంకో రెండు వారాలు ఏమీ తుడవకుండా డ్రాయర్‌లో పెట్టుకున్నా.